పాఠం: కొండవారి జీవితం

"ఒరే, కొండోడా! ఆగు."

ట్రెయినింగు స్కూలు గేటు దగ్గర ఆ మనిషి ఆగాడు. బక్కపలచగా ఉన్నాడు. ఒంటిమీది కొత్త చొక్కాకి గంజి వాసన ఇంకా పోలేదు.

"పెద్ద పంతులుగారిని కలవాలి బాబూ."

"నేను తీసుకెళ్తాను. ముందు నాకో సాయం చెయ్యి," అన్నాడు సూర్యనారాయణ.

అతనికి ఆ రోజు పరీక్ష. మార్చిలో పాఠం చెప్పడంలో తప్పాడు. జూన్‌లో ఇది రెండోసారి, ఇదే ఆఖరు. ఇదీ పోతే పంతులు ఉద్యోగం మాట మరిచిపోయి, అనకాపల్లి బజారులో మామగారి బెల్లం కొట్లో కూర్చోవలసిందే.

స్వరాజ్యం వచ్చి రెండేళ్ళు కావస్తోంది. చరిత్ర, భూగోళం కలిపి సోషల్ అని కొత్తగా పెట్టారు. పుస్తకం చదివేస్తే చాలదు, పిల్లలకి కళ్ళారా చూపించి చెప్పాలని ఇన్‌స్పెక్టరుగారి పట్టు. ఇచ్చిన పాఠం కొండవారి జీవితం. బొమ్మ గీయడం చేతకాక తల పట్టుకున్న సూర్యనారాయణకి బొమ్మే నడిచివచ్చినట్టయింది.

"నీ పేరేటి?"

"జోగండి."

"పిల్లల ముందు నిలబడు జోగీ. మాటాడకు. చొక్కా విప్పు."

"సొక్కా ఎందుకు బాబూ?"

"కొండోళ్ళు చొక్కా వేసుకుంటారేటి? పిల్లలు నమ్మొద్దూ?"

"నానేసుకున్నాను కదండీ."

"ఎదురు చెప్పకు. పెద్ద పంతులుగారిని కలవాలా, వద్దా?"

జోగి చొక్కా విప్పి, మడతపెట్టి, చంకలో పెట్టుకున్నాడు.

పాఠం బ్రహ్మాండంగా సాగింది. సూర్యనారాయణ బెత్తంతో జోగి జుత్తు చూపించాడు. మెడలో పూసలు చూపించాడు. కావడి మోసి కాయలు కాచిన భుజం చూపించాడు. పిల్లలు నవ్వారు. జోగి కూడా నవ్వబోయి మానేశాడు.

"ఈయనకి చదువొచ్చాండీ?" ఓ పిల్ల అడిగింది.

జోగి నోరు తెరిచాడు.

"రాదమ్మా. అడవిలో బడెక్కడిది?" అని సూర్యనారాయణ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాడు: కొండవారికి చదువు రాదు.

పిల్లలు గొంతెత్తి చదివారు. జోగి ఆ అక్షరాల వంకే చూస్తూ నిలబడ్డాడు.

"భేష్!" అన్నారు వెనకనుంచి ఇన్‌స్పెక్టరుగారు.

పిల్లలు వెళ్ళిపోయాక జోగి చొక్కా తొడుక్కున్నాడు. గుడ్డ తీసుకుని బోర్డు పైనుంచి కిందిదాకా శుభ్రంగా తుడిచాడు.

"బోర్డు తుడవడానికైనా పనికొచ్చావోయ్!" సూర్యనారాయణ నవ్వాడు.

"పెద్ద పంతులుగారిని ఈయాళే కలవాలండీ..."

"రేపు రా, రేపు!" అంటూ అతను ఇన్‌స్పెక్టరుగారి వెనకాల పరుగెత్తాడు.

సాయంత్రం ఇంట్లో మరిడమ్మ పరమాన్నం వండింది. మొగుడు చెప్పిందంతా విని నవ్వలేదు.

"ఇంతకీ ఆ మనిసి ఎందుకొచ్చేడంట?"

"అడగలేదే."

మర్నాడు హెడ్‌మాస్టరుగారు పిలిచారు.

"పాసయ్యావు. అన్నట్టు, నిన్న గేటు దగ్గర నీకెవరైనా కనిపించారా? కొండమీద తనే పాక వేసుకుని పిల్లలకి చదువు చెబుతున్నాడయ్యా ఒకడు, జోగి అని. ట్రెయినింగు లేకపోతే ఆ బడి మూసేస్తారు. పట్టుబట్టి సీటిప్పించాను. చేరడానికి నిన్నే ఆఖరు రోజు."



"లేదండీ," అన్నాడు సూర్యనారాయణ నేల చూస్తూ. "పంతులెవరూ రాలేదండీ."