తాళం పడిన వంటగది

ఆ కాలానికి ప్రతి వంటగదికీ మెదడును చదివే తాళం వచ్చేసింది. తిండి మీద అదుపు తప్పుతోందని చెవి వెనక అతికించుకున్న బిళ్ళ కనిపెట్టగానే తలుపు దానంతటదే మూసుకునేది.

హైమకు బులీమియా, అదుపు లేకుండా తిని కక్కేసే జబ్బు. ఆకలప్పుడు కాదు, అన్నం తిన్నాకే ఆమె మెదడులో పగ్గం సడలేది. ఆ మధ్యాహ్నం భోంచేసి లేచిందో లేదో వంటగదికి తాళం పడింది. ఆమె రెండు చేతులా తలుపు బాదుతుంటే వదిన సుభద్ర పరుగెత్తుకొచ్చింది.

"తియ్యి వదినా. నీ వేలు పెడితే తెరుచుకుంటుంది."

"తీస్తే తింటావు, తిన్నదంతా కక్కేస్తావు. మొన్న కళ్ళు తిరిగి పడిపోయావు కదా."

"సొంతింట్లో నన్ను దొంగని చేసిందీ తలుపు."

సుభద్ర తన వేలు తాళం మీద ఆనించింది. తలుపు తెరుచుకుంది. ఆమె గడప ముందు చతికిలబడి, పక్కన చోటు చూపించింది.

"వెళ్ళాలనుంటే వెళ్ళు, ఆపను. లేదంటే ఇలా కూర్చో."

హైమ లోపలి డబ్బాల వైపు చూస్తూ నిలబడింది. చెవి వెనక బిళ్ళ చురుక్కుమంటూనే ఉంది. చాలాసేపటికి వచ్చి వదిన భుజానికి ఆనుకుని కూర్చుంది.

"ఏదైనా మాట్లాడు వదినా," అంది. "ఆపకుండా మాట్లాడు."