కవరు నిండా జుట్టు

“ఇలాగే ఊడిపోతే ఎండాకాలం వచ్చేసరికి నీ తల గుండైపోతాది. అప్పుడేటి సేస్తావే?”

ప్రవల్లిక నెత్తి మీద ఇంకా చెంబెడు నీళ్లు కూడా పడలేదు. పెరట్లో బండరాయి మీద కూర్చుని, జుట్టంతా ముందుకి వేసుకుని, షాంపూ, కండిషనరు, పెద్ద పళ్ల దువ్వెన పక్కన పెట్టుకుంటోంది. వెనకాల చెంబు పట్టుకుని తల్లి నూకరత్నం. ఆదివారం తలంటు అంటే కూతురికి పండగ, ఆవిడకి గుండెదడ.

“ఊడటం లేదమ్మా. నీళ్లు పొయ్యి.”

“ఊడకేటి? తొమ్మిది నెలలై ఆ పార్లరు మందు మానేసేవు. ఇస్త్రీ చేసినట్టు ఎంత తిన్నగా ఉండేది! ఇప్పుడు సూడు, మొదలంతా రింగులు, కొసలేమో తిన్నగా. ఒక తల మీద ఇద్దరి జుట్టు!”

“రింగులు నావి. కొసలు పార్లరోళ్లవి. కొసలు ఎలాగూ కత్తిరించేస్తాను.”

నూకరత్నం నీళ్లు పోసింది. వంగి పోస్తుంటే ఆవిడ ముడి జారింది. చెంబు కింద పెట్టి మళ్లీ చుట్టుకుని క్లిప్పు గుచ్చింది.

ప్రవల్లిక షాంపూ మాడుకి మాత్రమే రాసుకుని కడిగేసింది. కండిషనరు కొసల నించి పైకి పట్టించి, అది ఉండగానే తడి జుట్టులోకి దువ్వెన దించింది.

“తడి జుట్టు దువ్వకే! కుదుళ్లతో సహా వచ్చేస్తాది!”

“రింగుల జుట్టు తడి మీదే దువ్వాలమ్మా. ఆరేక దువ్వితేనే తెగుతాది.”

“ఊడితే ఊడనీవే, నాకు ఊడలేదా? బతికి లేనా?” అన్నాడు అరుగు మీంచి తండ్రి గణపతిరావు, పేపర్లోంచి తల ఎత్తకుండానే. ఆ తల మీద ఎండ పడి మెరుస్తోంది.

“మీకూ ఆడపిల్లకీ పోలికేటండీ!”

నూకరత్నం తూములోకి పోతున్న నీళ్ల వెంటే చూస్తోంది. నాలుగు పోగులు కనిపించేయి. నాలుగే. ఆవిడకి నమ్మకం కలగలేదు. ఎలా కలుగుతుంది? నిన్ననే బాత్రూం కిటికీ మీద, సబ్బుపెట్టెల వెనక ఒక నల్ల కవరు దొరికింది. విప్పితే జుట్టు. ఉండలు ఉండలుగా జుట్టు. ఈ కూతురు గుంట రోజూ తూము జాలీలోంచి ఏరి, తల్లి కంట పడకుండా దాస్తోంది.

దాంతో ఆగినా బాగుండును. పొద్దున్న ప్రవల్లిక ఫోన్లో సగం మెసేజీ కనిపించింది. ఇంగ్లీషు పెద్దగా రాకపోయినా డాక్టరు అన్న మాట, అనకాపల్లి అన్న మాట, రేపు పదింటికి అన్న సంగతి ఆవిడకి తెలిసిపోయేయి. తెలియని మిగతా సగం ఆవిడే ఊహించుకుంది. ఆ సగంలో సెలైను సీసాలున్నాయి.

“కొత్త తువ్వాలుండగా మీ నాన్న పాత బనీనుతో తుడుస్తావేటే?” అంది ఏడుపు ఆపుకుంటూ.

“తువ్వాలు గరుకమ్మా. రింగులు పాడవుతాయి.”

అప్పుడే వీధిలోంచి కేక వినిపించింది. “చిక్కు జుట్టుకి స్టీలు గిన్నెలమ్మా! స్టీలు గిన్నెలూ!”

పరదేశి. చోడవరం వీధులన్నీ సైకిలు మీద తిరిగి, ఆడవాళ్లు దువ్వి దాచిన జుట్టు తీసుకుని గిన్నెలిస్తాడు. నూకరత్నానికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఇరవై ఏళ్లుగా జుట్టు పట్టుకుని బతికేవాడు. డాక్టరు దాచినా వీడు దాచడు. గబగబా లోపలికెళ్లి కవరు పట్టుకుని గేటు దగ్గరకి పరిగెత్తింది.

“అమ్మా! అది ఇచ్చేయకు! రేపటికి కావాలి!” ప్రవల్లిక వెనకాలే వచ్చింది.

రేపటికి! నూకరత్నం గేటు తీసి కవరు పరదేశి చేతిలో పెట్టేసింది.

“పరదేశీ, గిన్నె వద్దు గాని, ఇది ఏ జబ్బు జుట్టో సెప్పు బాబూ.”

పరదేశి ఒక ఉండ విప్పేడు. ఒక్క పోగు లాగి ఎండకేసి పట్టుకుని, రెండు వేళ్ల మధ్య ఆ చివర నించి ఈ చివరకి జార్చేడు.

“ఎవుర్దమ్మా ఇది?”

“ఇంకెవుర్ది? మా గుంటదే.”

పరదేశి ప్రవల్లికని చూసేడు. బనీను జారి తడి రింగులు భుజాల మీద పడి ఉన్నాయి.

“ఈ పాపది కాదమ్మా. ఈ పాపదైతే కుదురుకాడ మెలిక ఉండాల. ఇది మొదలు నించి సివరిదాకా దారంలాగుంది. పైగా రంగేసిన జుట్టు. కుదురుకాడ తెలుపు సూడు.”

నూకరత్నం గుండె ఒక్క క్షణం తేలికపడింది. ఒక్క క్షణమే.

“మరి మన బాత్రూంలోకి ఎవుర్తొస్తందే? మీ నాన్నకి దువ్వెన కొని పదేళ్లయింది!”

గణపతిరావు పేపరు దించి, ఎందుకైనా మంచిదని తన నున్నటి తల తడుముకున్నాడు.

“సెప్పవేటే? ఎవుర్ది?”

పరదేశి ఉండని జాగ్రత్తగా చుట్టి, కవర్లో పెట్టి, నూకరత్నం చేతికి తిరిగిచ్చేసేడు. ఆవిడ ముఖంలోకి మాత్రం చూడలేదు. గిన్నెల మూట సర్దుకుని సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయేడు. పెరట్లో కుళాయి కింద బకెట్టు నిండి నీళ్లు పొర్లిపోతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరూ వెళ్లి కట్టలేదు.

నూకరత్నం తల మీది క్లిప్పు మళ్లీ జారి గేటు దగ్గర పడింది. ప్రవల్లిక వంగి తీసింది. దానికి చిక్కుకున్న పోగుల్ని, కుదురుకాడ తెల్లగా ఉన్నవాటిని, విప్పి తల్లి చేతిలోని కవర్లో వేసింది.

“రేపు డాక్టరు దగ్గర రాయించింది నీ పేరేనమ్మా,” అంది.