పావెల్ పేరు మీద బ్యాటరీలు

సావెల్ చచ్చిన బ్యాటరీలన్నిటినీ తెచ్చి రఫీలా వంటింటి బల్ల మీద కుమ్మరించాడు. పక్కనే సంచీలో ఉన్న డ్రోన్‌ను పెట్టాడు.

"పోయింది నీ మొగుడొక్కడే అనుకున్నా వదినా. ఆయన బ్యాటరీలూ పోయాయి."

రఫీలా మొక్కజొన్న సంకటి కెలుకుతున్న గరిటె ఆపి, కిటికీలోంచి కొండవైపు చూసింది. మధ్యాహ్నం నుంచి మంచు కురుస్తూనే ఉంది. సావెల్ తమ్ముడు మిత్రు గొర్రెలతో సహా ఆ పైనే చిక్కుకుపోయాడు. ఫోను కలవడం లేదు. చీకటి పడేలోగా డ్రోన్ ఎగిరితే ఒంటి వేడిని బట్టి వాడి జాడ దొరుకుతుంది. ఎగరకపోతే తెల్లారేసరికి ఆ ఒంట్లో వేడి మిగలదు.

పోయిన మొగుడు పావెల్ పేరున రొట్టె, కొవ్వొత్తి, ఈ బ్యాటరీలు సావెల్‌కి దానమిచ్చింది రఫీలాయే. పోయినవాళ్ల పేరు మీద ఇక్కడ ఇచ్చింది అక్కడ వాళ్ల చేతికి అందుతుందని ఆ కొండల్లో పసివాడికైనా తెలుసు.

పుచ్చుకున్ననాటి నుంచి వాటిని పసికందుల్లా సాకుతున్నానని సావెల్ మొత్తుకున్నాడు. నిండా నింపలేదట, నిలువునా ఖాళీ చేయలేదట. సగం పైచిలుకు ఛార్జ్‌తో నేలమాళిగలో చల్లగా దాచాడట. ఎగరేసేముందు చంకలో పెట్టుకుని వెచ్చబెట్టాడట. వాటిలో ఒక్కటీ ఉబ్బలేదు; ఉబ్బింది సావెల్ మొహమే. అయినా ఎప్పుడు తీసినా ఎవరో వాడి పెట్టేసినట్టు తరిగిపోయి ఉంటున్నాయి. ఇవాళైతే అన్నీ ఒక్కసారే సున్నా.

"మా ఆయన ఇంతకన్నా బాగా సాకేవాడులే," అంది రఫీలా. "చలికాలం రజాయిలో వాటిని మధ్యన పడుకోబెట్టి నన్ను గోడకి నెట్టేవాడు. కాపురం నాతో, కాపలా వాటికి."

ఒకదాన్ని తీసి ఛార్జింగ్‌కి పెట్టింది. ఆకుపచ్చ దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. సావెల్ ఆత్రంగా ఊడబీకాడు. అతని అరచేతిలోనే, చివర వెలిగింది మొదలు వెనక్కి, ఒక్కొక్కటే ఆరిపోయాయి. బ్యాటరీ మాత్రం వేడెక్కింది, ఎగిరి వచ్చిన బ్యాటరీలా.

సావెల్ దాన్ని బల్లమీద జారవిడిచాడు.

"పొదుపరి మనిషి," అంది రఫీలా మెల్లగా. "సరదాకి ఎగరేయడు. ఎవరైనా తప్పిపోతేనే తీస్తాడు."

తీసేవాడు అనలేదు, తీస్తాడు అంది. ఇక చేతులు కట్టుకు కూర్చుంటే లాభం లేదని సావెల్ లాంతరు అందుకుని తలుపు తీశాడు.

వాకిట్లో గొర్రెల మెడగంటలు. వాటి మధ్య మిత్రు, కనుబొమల దాకా మంచుతో.

అన్నదమ్ములు కావలించుకున్నారు. రఫీలా వేడి సంకటి గిన్నె వాడి చేతిలో పెట్టింది. మంచులో తన చెయ్యే తనకు కనబడలేదనీ, ఇంకో రెండడుగులు వేస్తే లోయలో ఉండేవాణ్ణనీ మిత్రు చెప్పాడు. సరిగ్గా అప్పుడే నెత్తిమీద ఎర్ర దీపం కనబడిందట. ఆగితే ఆగిందట, నడిస్తే నడిచిందట.

"డ్రోన్ పంపి బతికించావన్నా."

సావెల్ బల్లమీది సంచీ వైపు చూశాడు. దాని జిప్పు ఇంకా తీయనేలేదు.

మిత్రు సంకటి ముద్ద మింగి, నవ్వుతూ అడిగాడు: "అంతా బాగానే ఉంది గానీ, ఇంటి ముందు దించుకోక, పావెలన్న సమాధి మీద దించావేంటి?"