వచ్చిన కుక్క

“చెప్పకుండా పోయినదానివి, ఇప్పుడెందుకొచ్చావ్?” కుందేలు బొరియ ముందు బోర్లా పడుకున్న ఐజాక్, తల తిప్పకుండానే కూతురి మీద అరిచాడు.

ఏడాది తర్వాత పెట్టె పట్టుకుని కొండెక్కి వచ్చిన మేబెల్‌కి ఒళ్లు మండింది. “నీ తిట్లు తినడానికి రాలేదు నాన్నా.”

“అయితే వచ్చిన దారినే పో!”

అంతలో బొరియలోంచి నిప్ బయటికొచ్చింది. పొద్దున్నుంచి ఎంత పిలిచినా రాని ఆ చిట్టి టెరియర్ కుక్కకి ఒళ్లంతా బురదే. ఐజాక్ దాన్ని గుండెకు హత్తుకుని, జేబులోంచి చీజ్ ముక్క తీసి నోటికందించాడు. “పొద్దున్నుంచీ నీకోసమే చూస్తున్నా, వచ్చేశావా నా బంగారుకొండా!”

“పొద్దున్నుంచి నిన్నింత ఏడిపించిందిగా. దాన్ని తిట్టవేం?”

“బుద్ధుందా నీకు? ఇన్ని కుక్కల్ని పెంచిన ఇంట్లో పుట్టి ఆమాత్రం తెలీదా? ఎంత ఆలస్యంగా వచ్చినా సరే, వచ్చిన కుక్కని తిట్టకూడదు. తిడితే ఇంకోసారి రాదు.”

మేబెల్ పెట్టె ఎత్తుకుని రోడ్డువైపు తిరిగింది.

ఐజాక్ చెయ్యి నిప్ వీపు మీద అలాగే ఆగిపోయింది. మోకాళ్లు పట్టుకుని లేచి, గబగబా ఆమె వెనకే వెళ్లాడు.

“ఇటివ్వు ఆ పెట్టె!” గద్దిస్తూనే దాన్ని లాక్కుని, ఇంటివైపు నడిచాడు.