సముద్రం ఒడ్డు పాట

“ఇదొక్కటేనా అత్తా? ఇంకే సినిమాలూ వద్దా?”

గీతలు పడ్డ డిస్కుని వెలుతురులోకి ఎత్తి చూస్తూ అడిగాడు నానాజీ. అనకాపల్లిలో ఇంటింటికీ నెట్ కనెక్షన్లిచ్చే అతను ఆ ఇంటి పై వాటాలోకి దిగి నెల కూడా కాలేదు.

“అదొక్కటే సాలు బాబూ,” అంది కింద వాటా తలుపులమ్మ. “మీ మావ మంచం దిగలేడు. టీవీ సూడబోతే హాల్లో ఉంది. ఈ ట్యాబులో వచ్చీలా సెయ్యి.”

ఆమె భర్త ఎల్లారావు చేపల మార్కెట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు.

“కంప్యూటర్లోకి ఎక్కించేత్తాను. వైఫై మీద ఇంట్లో ఎక్కడైనా ఆడతాది.”

“వంటింట్లో కూడానా?”

“పెరట్లో కూడా.”

తలుపులమ్మ కళ్లు తుడుచుకుంది. ఈ మాత్రానికేనా అనుకున్నాడు నానాజీ.

“వారం కూడా ఆడని సినిమా ఇది. నెట్లో ఎక్కడా లేదు. ఆ హీరో అంటే అంత పిచ్చేటత్తా?”

నానాజీ గోడలకేసి చూశాడు. హీరోది కాదు సరికదా, ఎవరి ఫోటో లేదు.

“ఒక్క ఫోటో కూడా పెట్టుకోలేదేటి?”

“తుఫానుకి రాంబిల్లిలో ఇల్లే కొట్టుకుపోయింది బాబూ. కట్టుబట్టల్తో వచ్చేం. ఈ డిస్కూ తరవాత ఎతికి కొన్నదే.”

కంప్యూటర్లో పెట్టిన డిస్కు సగంలో మొరాయించింది. సముద్రం ఒడ్డున పాట దగ్గర.

“ఇక్కడ బాగా అరిగిపోయింది. ఈ పాట వదిలేసి మిగతాది ఎక్కించేత్తానత్తా.”

“వద్దు!” గదిలోంచి ఎల్లారావు కేకేశాడు. “మిగతాదంతా పోయినా పర్లేదు. ఆ పాట ఉండాల!”

ఆ కేకకి నానాజీ డిస్కుని బయటికి తీశాడు. తుడిచాడు, మళ్లీ పెట్టాడు, పైకెళ్లి తన డిస్కు డ్రైవు తెచ్చి అందులో పెట్టి చూశాడు. పొద్దువాలే వేళకి పాట మొత్తం ఎక్కింది.

ట్యాబు తెచ్చి ఎల్లారావు చేతిలో పెట్టాడు. తెర మీద హీరో గంతులేస్తున్నాడు. వెనకాల పడవల దగ్గర, షూటింగు చూడవచ్చిన రాంబిల్లి జనం. ఎల్లారావు బొమ్మని ఒకచోట ఆపి, తెర మూలని బొటనవేలితో మెల్లగా నిమిరాడు.

“హీరో ఇటున్నాడు మావా, నువ్వు అటు సూత్తావేటి?” అని నవ్వాడు నానాజీ.

తలుపులమ్మ మంచం పక్కకొచ్చి తెర మూలని చూపించింది.

“ఆ మూలన నవ్వుతున్నాది ఆ తుఫానులోనే పోయిన మా కూతురు బాబూ.”