దేవుడి మట్టపుగుండు

కూలగా మిగిలిన సగం గోడకు భూమయ్య మట్టపుగుండు వేలాడదీశాడు. పైన తాడు గోడకు ఆనుకునే ఉంది. కింద గుండు మాత్రం నాలుగు వేళ్ళు ఎడంగా నిలిచింది.

"థూ!" అని ఉమ్మాడు భూమయ్య.

నాగ్‌పాడాలో ఆరోన్ బాబా అనే యూదు ముసలాయన వంటింటి గోడ అది. వాళ్ళ మతం ప్రకారం శనివారం ఆ ఇంట్లో వాళ్ళు నిప్పు ముట్టరు. పొయ్యి వెలిగించి రావడానికి కామాటిపురాలో తెలుగువాళ్ళుండే వరసగదుల చాల్ నుంచి నర్సమ్మ వెళ్ళేది. మొన్న శనివారం ఆమె అగ్గిపుల్ల గీస్తుండగానే గోడ కూలి మీద పడింది. నడుం విరిగింది. ఇక లేచి నడవదన్నారు డాక్టర్లు.

అప్పట్లో ఆ గోడ పని ఒప్పుకున్న మేస్త్రి రాజమల్లు. కూలీలను పెట్టి నాలుగు చోట్ల పనులు చేయించే మనిషి. ఇప్పుడు చాల్ జనమంతా చుట్టూ మూగితే తల వంచుకు నిలబడ్డాడు. తీర్పు చెప్పాల్సింది భూమయ్య. చాల్‌లో అందరికంటే పాత మేస్త్రి. ఆయన మాటకు ఎదురు లేదు.

చూపు పోయిన ఆరోన్ బాబా కుర్చీలోంచి మరాఠీలో అన్నాడు: "మా ప్రవక్తకు దేవుడు ఇలాగే కనిపించాడు. గోడ దగ్గర, చేతిలో గుండుతో. వంకర ఉంటే ఇక క్షమించనన్నాడు."

భూమయ్యకు పూనకం వచ్చినట్టయింది.

"దేవుడంటే గట్లుండాలె! మన దేవుండ్లు కోడిపిల్లను కోస్తే సల్లబడ్తరు. ఏం రా రాజమల్లూ, ఇది కట్టిన చెయ్యి ఎవలది? నీదా, నీ పనోళ్ళదా?"

రాజమల్లు తలెత్తి భూమయ్య మొహంలోకి చూశాడు.

"నేనే కట్టిన, కాకా."

"సిమెంటు అమ్ముకొని తిన్నవా?"

"తప్పయింది."

నర్సమ్మ అక్క యాదమ్మ చెప్పు తీసి అతని మొహాన కొట్టింది. ఎవరూ ఆపలేదు. కోపం తీర్చుకోవడానికి ఒక మొహం దొరికాక ఎవరాపుతారు!

"నా కొడుకు శివరాం బతికుంటే నీ చేతులు ఇరగ్గొట్టేటోడు!" భూమయ్య అరిచాడు. "మేస్త్రంటే వాడురా! ఇగ ఇనుండ్రి. ఈ గోడ కట్టినోనికి మన చాల్‌ల జాగ లేదు. వాడు మళ్ళ తాపీ పట్టొద్దు. సచ్చినంక వానికి పిండం పెట్టేటోడు ఉండొద్దు. వాని పేరు మన ఇండ్లల్ల ఇనబడొద్దు!"

"ఆమేన్" అన్నాడు ఆరోన్ బాబా.

మిల్లులు మూతబడి ఎక్కడా పని దొరకని రోజులు. రాజమల్లు తన తాపీని భూమయ్య కాళ్ళ దగ్గర పెట్టాడు. ఆ మధ్యాహ్నమే ట్రంకుపెట్టె నెత్తికెత్తుకుని భార్య కిష్టమ్మతో చాల్ మెట్లు దిగాడు. పైనుంచి ఎవరో ఎంగిలినీళ్ళు పోశారు. తుడుచుకోలేదు.

ఫోరస్ రోడ్ మలుపు దాటాక కిష్టమ్మ ఇక ఉగ్గబట్టలేకపోయింది.

"ఆ గోడ మీద నువ్వు ఒక్క ఇటుక గూడ పెట్టలే గద! ఎవనిదో పాపం నెత్తికేసుకొని నా నోట్లె మన్ను కొడ్తివి. ఏం బుట్టిందయ్యా నీకు?"

రాజమల్లు పెట్టె దించాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"కట్టింది శివరామే అని ఎరుకైతే, ఆ ముసలోడు సచ్చిన కొడుక్కు పిండం గూడ పెట్టడే."