పక్క తడి

"ఛీ! మళ్ళీ తడిపావా?"

తుకినెం ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని, దుప్పటిని రెండు వేళ్ళతో లాగి గుమ్మం బయటికి విసిరింది. దానికి అప్పటికే చీమలు బారు కట్టాయి. ఆమె మొగుడు వగిరాన్ మంచం మీద ముడుచుకుని కూర్చున్నాడు. తల ఎత్తలేదు.

"అరవై దాటాయి, ఇంకా పసిపిల్లాడివా? ఈ కంపు ఇంట్లో పోసిన సెరాబి అట్లు సోలో ఊళ్ళో ఎవడు కొంటాడు? నాకే డోకొస్తోంది!"

"తప్పయిపోయిందే," అన్నాడు.

ఆ పూటే అతన్ని రిక్షా ఎక్కించి ఆస్పత్రికి లాక్కెళ్ళింది. ప్లాస్టిక్ సంచిలో కట్టించుకున్న తీపి టీని గొట్టంతో పీలుస్తూ, డాక్టర్ రత్రి ముందు అంతా ఏకరువు పెట్టింది. చీమల సంగతి కూడా వదల్లేదు.

"షుగరేమో చూద్దామమ్మా," అంది డాక్టరు. "అది ఏళ్ళ తరబడి ఉంటే మెదడులో వెంట్రుకల్లాంటి రక్తనాళాలు బిరుసెక్కుతాయి. నెత్తురు సరిగ్గా అందదు. నడక మందగిస్తుంది, మతిమరుపొస్తుంది, ఉచ్చ ఆగదు."

"ఈయనకా మతిమరుపు? వీధిలో అందరి పుట్టినరోజులూ నోటికి వచ్చు!"

వారం తర్వాత పరీక్షల కాగితాలు చూసి డాక్టరు నొసలు చిట్లించింది. "ఈయనకు షుగర్ లేదు. మూత్రంలోనూ లేదు. తల స్కానయితే కుర్రాడిదిలా ఉంది."

తుకినెం మొహం జేవురించింది. "అంటే లేవడానికి బద్ధకమై పక్కలోనే కానిస్తున్నాడన్నమాట! థూ! నీ పక్కన పడుకోవడం ఇక నా వల్ల కాదు. ఇవాళే మా చెల్లెలింటికి పోతున్నా."

చెప్పులు ఈడ్చుకుంటూ బయటికి పోయింది.

డాక్టరు తలుపు దగ్గరికి వేసింది. "పెద్దాయనా, మూత్రంలో చక్కెర లేనివాడి దుప్పటికి చీమలెలా పడతాయి? నిజం చెప్పండి."

వగిరాన్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ముందు ఆవిణ్ణి చెల్లెలింటికి పోకుండా ఆపండి, డాక్టరమ్మా. రోజూ సగం నిద్రలో ఉన్న ఆవిడకి పొడిబట్ట చుట్టి పక్కకి జరిపి, ఆవిడ తడిపిన చోట తాము పడుకోవడానికి అక్కడెవరున్నారు?"